హారన్‌పథం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

మూలం

కారు నమ్ముకొంటి కదలక ముందుగా
మెట్రొ యెక్కినాను మెట్లు దిగితి
చీటి మానినాను చేయించితిని గుంత
మ్యాచి నాడు గడప మరచిపోతి

పీఠిక

ఈ పద్యకర్త మా బావగారు. ఉండేది నాచారం. అక్కడి పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో లెక్కలు చూసి రిటైరయ్యారు. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక అమీర్‌పేటలో ఒక ఆడిటరు దగ్గరికి వెళ్లొస్తుంటారు. ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియో కట్టిన ఊళ్లో ఉంటున్నందుకో ఏమో, సంతోషం కలిగినప్పుడల్లా ఆయన నోట పౌరాణికం వస్తుంది. 2025 డిసెంబరు 31 రాత్రి, అందరూ కేకుల ఫోటోలు పెట్టుకుంటున్న వేళ, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పై పద్యం పెట్టారు. ‘గత సంవత్సరమున నేను గైకొన్న ఉత్తమ నిర్ణయములు’ అని దానికో శీర్షిక. కింద ఇంకో వాక్యం: ‘బావమరిది టీక రాయవలెను.’

నేను ఉప్పల్‌వాణ్ణి, చిలకానగర్ వైపు. బడిపిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. వావిళ్లవారి టీకా తాత్పర్యాల ప్రతులు ముందు పెట్టుకుని పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి బావగారి మాట తీసేయలేకపోయాను. పైగా అక్క ఫోన్ చేసి, “రాయి తమ్మీ, ఆయన సంగతంత నాకెరుక, నేను చెప్త” అంది. అంటే ఈ వ్యాఖ్యకు ఆధారాలకు కొదవ లేదన్నమాట.

వ్యాఖ్యాతల్లో అందరికంటే పెద్దవాడు మల్లినాథసూరి మనవాడే. కోలాచలంవారు, ఊరు మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసుకు సంజీవని, శ్రీహర్షుడికి జీవాతువు, భారవికి ఘంటాపథం రాసిపెట్టాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి మరీ రాశాడు. ఆ రెండు మాటల్లో ఒక్కటీ నేను ఇవ్వలేను. ఆయన వ్యాఖ్య రాసింది కాళిదాసుకు, నేను రాస్తున్నది మా అక్క మొగుడికి. ఇక పేరంటారా, ఘంటాపథమంటే ఏనుగులు గంటలు మోగించుకుంటూ నడిచే రాజమార్గం. మాకున్న రాజమార్గం ఉప్పల్ రింగురోడ్డు. అక్కడ మోగేవి గంటలు కావు కాబట్టి ఈ వ్యాఖ్యకు హారన్‌పథమని పేరు పెట్టాను.

ప్రతులు

రెండు దొరికాయి. ఉప్పల్ ప్రతి నా ఫోనులో ఉంది. నాచారం ప్రతి అక్క వంటింటి గోడ క్యాలెండరులో, డిసెంబరు కాగితం వెనుక, నీలం బాల్‌పెన్నుతో ఉంది. ఆ క్యాలెండరు ముందువైపంతా పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీలు, పనిమనిషి రాని రోజులు. దాని ప్రామాణికత మీద ఎవరికీ సందేహం అక్కర్లేదు. అక్క అందులో వేసిన అంకెను పాలవాడు సైతం ఇంతవరకు కాదనలేదు. రెండు ప్రతుల్లో తేడా వచ్చినచోట నాచారం ప్రతినే నమ్మాను.

ఛందస్సు: ఆటవెలది. గణాలు సరిపోయాయి. లెక్కల మనిషి కదా, సరిపోకపోతేనే ఆశ్చర్యం. యతులూ పడ్డాయి. వాటిని పడేయడానికి భాషను ఎక్కడ ఇబ్బంది పెట్టారో ఆయాచోట్ల చెబుతాను.

మొదటి పాదం

పదవిభాగం: కారున్ + అమ్ముకొంటి అని ఒక విధం. కారు + నమ్ముకొంటి అని మరొక విధం. సంధి రెండింటికీ ఒప్పుకుంటుంది. అమ్మడం 2025లో జరిగింది. నమ్మడం అంతకుముందు పదిహేనేళ్ల పాటు జరిగింది. ఒకే మాటలో రెండూ ఇరికించినందుకు కవిని మెచ్చుకోవచ్చు. అయితే ఆయనకు ఆ సంగతి తెలియదనీ, నేను చెప్పాకే “ఔను, శ్లేష!” అన్నారనీ ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ప్రతిపదార్థం: కారు = 2010లో కొన్నదియు, ఏపీ 29 నంబరు ప్లేటు గలదియు, తన కళ్లముందే టీఎస్ పుట్టుటయు, 2024 మార్చిలో అది టీజీగా మారుటయు చూసినదియు అగు బండి. కదలక ముందుగా = పూర్తిగా ఆగిపోవుటకు కొంచెం ముందు.

నిజానికి ఆ కారు కదలడం మానేసి చాలాకాలమే అయింది. వేపచెట్టు కింద నిలబడి ఉండేది. వీధి పిల్లలు డిక్కీ మీద బొగ్గుతో మూడు గీతలు గీసి వికెట్లు చేసుకున్నారు. బంతి తగిలిన చోటల్లా చిన్న చిన్న సొట్టలు. ఎల్బీడబ్ల్యూ గొడవ వస్తే బావగారే గేటు దగ్గర నిలబడి తీర్పు చెప్పేవారు. కొనడానికి వచ్చినవాడు ఆ గీతలు చూసి ధర తగ్గించమన్నాడు. అవి కడిగితే పోతాయని బావగారు తడిగుడ్డతో తుడిచి చూపించారు. గీతలు పోయాయి, సొట్టలు బయటపడ్డాయి.

ఇక అసలు విచారణ. పద్యంలో క్రియలన్నీ ఉత్తమ పురుషలోనే ఉన్నాయి: అమ్ముకొంటి, ఎక్కినాను, దిగితి, మానినాను, చేయించితిని, మరచిపోతి. ఉత్తమ నిర్ణయాలు కాబట్టి ఉత్తమ పురుషలో ఉండడం సహజమే. కాని క్రియకు కర్త ఎవరో తేల్చడం వ్యాఖ్యాత ధర్మం. ఈ పాదంలో కర్త బావగారు కాదు, రవాణా శాఖ. సొంత బండి రిజిస్ట్రేషను గడువు పదిహేనేళ్లు. ఆ తర్వాత కూడా నడుపుకోవాలంటే ఫిట్‌నెస్ చూపించాలి, ఫీజు కట్టాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి, కొత్త కాగితం తెచ్చుకోవాలి. 2010కి పదిహేను కలిపితే ఎంతో లెక్కల మనిషికి ఒకరు చెప్పనక్కర్లేదు. గడువు దగ్గరపడింది, ఆయన అమ్మేశారు. దీన్ని నిర్ణయం అనడం కంటే విధేయత అనడం మేలు.

విశేషం: ఆ కారు ఎక్కువగా తిరగాల్సిన దారి ఒకటుంది. బావగారి అన్నగారు ఘట్‌కేసర్‌లో ఉంటారు. నాచారం నుంచి అక్కడికి ఉప్పల్ మీదుగా, బోడుప్పల్, నారపల్లి దాటుకుంటూ వరంగల్ రహదారి పట్టుకుని పోవాలి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. 2025 గడిచేదాకా పూర్తికాలేదు. కింద తవ్విన రోడ్డు, పైన స్తంభాలు, మధ్యలో దుమ్ము. “ఆ రోడ్డు కానీ, అన్న దగ్గరికి పోదాం” అని బావగారు ఏడేళ్లుగా అంటున్నారు. ఈ దారి సంగతి మళ్లీ వస్తుంది.

రెండవ పాదం

దీనికి పెద్ద టీక అక్కర్లేదు. నాచారంలో మెట్రో స్టేషను లేదు. షేర్ ఆటోలో హబ్సిగూడ దాకా వచ్చి, అక్కడ నీలం లైను పట్టుకుని అమీర్‌పేటలో దిగాలి. ఆ లైను 2017 నవంబరు నుంచీ తిరుగుతోంది. బావగారు 2025లో ఎక్కారు. కారు పోయింది కాబట్టి ఎక్కారు. ఫోనులో టికెట్ తీసే విద్య నేర్పింది నా మేనకోడలు. కర్త ఎవరో పాఠకులే గ్రహించగలరు.

మెట్లు దిగితి అన్నచోట ఒక శంక. మెట్రోకు మెట్లు ఎక్కాలి కదా, దిగడమే ఎందుకు చెప్పారు? సమాధానం: ఎక్కడానికి ఎస్కలేటరుంది. దిగేటప్పుడు మాత్రం, డాక్టరు నడవమన్నాడు కాబట్టి, మెట్లు వాడతారు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర హెచ్‌ఎండీఏ కట్టి 2023 జూన్‌లో తెరిచిన స్కైవాక్ మీదా అంతే. మా ఇంటికొస్తే లిఫ్టులో పైకెక్కి, నడక దారంతా నడిచి, మెట్లు దిగి, “ఇవాళ వ్యాయామం అయిపోయింది” అంటూ లోపలికి వస్తారు. మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టమని నేను అన్నాను. అందుకే దాన్ని పద్యంలో పెట్టానన్నారు.

ధరల విషయంలో కవి మౌనం వహించారు. ఆయన ఎక్కిన ఏడే, మే 17న, కనిష్ఠ టికెట్ 10 నుంచి 12కు, గరిష్ఠం 60 నుంచి 75కు పోయాయి. గోల లేచాక మే 24 నుంచి పది శాతం తగ్గించి 11గా, 69గా చేశారు. సెప్టెంబరుకల్లా నడిపే సంస్థ ఎల్ అండ్ టీ ఇక మావల్ల కాదంటే, మొదటి దశను ప్రభుత్వమే తీసుకోవడానికి ఒప్పుకుంది. బావగారు ఎక్కారు, ఎల్ అండ్ టీ దిగుతానంది. దీన్ని క్రమాలంకారం అనవచ్చునేమో, అలంకారశాస్త్రం తెలిసినవాళ్లు చెప్పాలి.

అక్క మాత్రం మెట్రో ఎక్కదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. జీరో టికెట్టు చేతిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చి, “మీ బావ ఎన్ని పైసలు పెట్టి వచ్చిండో అడుగు” అంటుంది.

మూడవ పాదం

ఇది పద్యానికి గుండెకాయ. పేచీలన్నీ ఇక్కడే ఉన్నాయి.

చీటి మానినాను: కాలనీ చీటీ. ఇరవై మంది, లక్ష రూపాయలు, నెలకు అయిదు వేలు. డబ్బు అవసరమున్నవాడు ఎక్కువ తగ్గించుకుని పాట పాడి ఎత్తుకుంటాడు. తగ్గిన సొమ్ము మిగతావాళ్లకు పంచుతారు. నడిపేవాళ్లకు కమీషన్. రిజిస్టరైన చిట్టీ కంపెనీలకైతే 1982 చట్టముంది. 2019 సవరణతో వాళ్ల కమీషన్ పరిమితి అయిదు శాతం నుంచి ఏడుకు పెరిగింది. కాలనీ చీటీకి చట్టం, కోర్టు, రసీదు అన్నీ ఒక నోటుబుక్కే. పాట రోజున అందరూ ఒకచోట చేరి చాయ్ తాగుతూ ఒకరి అవసరం ఇంకొకరు పసిగడుతుంటారు. పిల్ల పెళ్లి ఉన్నవాడు ముందే దొరికిపోతాడు. వాడు ఎంత తగ్గించుకుంటే పక్కవాడికి అంత లాభం. ఈ ఏర్పాటు నాకు ఎన్నడూ నచ్చలేదు. బావగారికి మాత్రం పాట రోజు పండుగ రోజే. పాడేవారు కాదు, పాడించేవారు.

మరి మానిందెవరు? అక్క సాక్ష్యం యథాతథంగా: “నెలనెల అయిదు వేలు అలమారిల నుంచి తీసిచ్చేది నేను. ఇగ ఇయ్యనన్న. మానింది ఆయననా?” ఇంతకంటే స్పష్టమైన కర్తృ నిర్ణయం ఏ వ్యాఖ్యలోనూ ఉండదు.

చేయించితిని గుంత: ఇంకుడు గుంత. గుంతను తవ్విస్తారు గాని చేయించరు. ‘చీ’కి ‘చే’తో యతి కుదరాలని తవ్వకాన్ని చేతగా మార్చారు. దీని ఫలితం కింద పాఠాంతరాల దగ్గర చూడండి. ఇంత చిన్న సర్దుబాటుకు అంత పెద్ద శిక్ష పడ్డ కవి ఇంకొకరు లేరు.

ముందు గుంత సంగతి. మన నేల గ్రానైటు. నీళ్లుండేది పైనున్న మెత్తటి పొరలోనూ, బండ పగుళ్లలోనూ. వాన నీళ్లు లోపలికి దిగకపోతే ఆ పగుళ్లు ఎండిపోతాయి, బోరు గాలి మింగుతుంది. ఇళ్లలో వాననీటిని ఇంకించాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతూనే ఉంది. బావగారింట్లో ఆ చట్టం ఇరవై మూడేళ్లు ఇంకలేదు. 2025 ఏప్రిల్‌లో బోరు మోటారు గరగరమని శబ్దం చేసి, బకెట్‌లో ఎర్రటి బురద ఉమ్మి, ఆగిపోయింది. వరుసగా ట్యాంకర్లు వచ్చాయి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక అక్క గేటు దగ్గర కుర్చీ వేసుకుంది. ఆ కుర్చీ చూసి బావగారు మేస్త్రీని పిలిచారు.

హబ్సిగూడలో 1961 నాటి ఎన్‌జీఆర్‌ఐ ఉంది, భూమి లోపల ఏముందో చెప్పడానికే. మేస్త్రీకి ఆ అవసరం రాలేదు. మెట్ల పక్కన గడ్డపార వేశాడు. జానెడు మట్టి, దాని కింద మొరం, ఆ కింద ఠంగుమని మోత. చెయ్యి జలదరించి గడ్డపార కింద పెట్టి, “బండ సార్” అన్నాడు. రెండు అడుగులు జరిగి మళ్లీ వేస్తే మళ్లీ అదే మోత. మూడోచోట కుళాయి పైపు తగిలింది. చివరికి అక్క తులసికోట పక్కన చూపించింది. అక్కడ దిగింది. అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, ఆపైన ముతక ఇసుక. మేడమీది నీళ్ల గొట్టాన్ని తెచ్చి అందులోకి వదిలారు. తొలి వానకు బావగారు గొడుగు పట్టుకుని గుంత పక్కనే నిలబడ్డారు. గొట్టంలోంచి మొదట ఎండుటాకులు, తర్వాత ఎప్పుడో పోయిన క్రికెట్ బంతి, ఆ తర్వాత నల్లటి నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు ఇసుక మీద కాసేపు తిరిగి, మెల్లగా దిగిపోయాయి. “చూసినవా, తాగుతుంది!” అని కేక వేశారట.

కర్త: ఎండిపోయిన బోరు, గేటు దగ్గరి కుర్చీ. స్థల నిర్ణయం మాత్రం అక్కది.

పాఠాంతరం: నాచారం ప్రతిలో ‘గుంత’. ఉప్పల్ ప్రతిలో ‘గుంట’. కారణం, బావగారు ఫోనుకు పద్యాన్ని నోటితో చెప్పారు. ఫోను తనకు తోచింది రాసుకుంది. వేరే ప్రాంతంలో అయితే ఈ తేడాకు ప్రాణాపాయం లేదు, గుంతైనా గుంటైనా గొయ్యే. తెలంగాణలో గుంట అంటే భూమి. నలభై గుంటలు ఒక ఎకరం. గుంటకు 121 చదరపు గజాలు. పైగా ‘చేయించితిని’ అని ఉంది. మా దిక్కు ‘చేయించిన’ అంటే రిజిస్ట్రేషనే. కాబట్టి మూడవ పాదాన్ని మా కుటుంబమంతా ఇలా అన్వయించుకుంది: చీటీ మానేసి, ఆ డబ్బుతో ఒక గుంట భూమి రిజిస్ట్రేషన్ చేయించాను.

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు వెనక్కిపోయాయి. ‘కంగ్రాట్స్ మామా’, ‘ఎక్కడ బావా, బీబీనగర్ దిక్కా?’, ‘గజం ఎంతల వడ్డది?’, ‘మాకు చెప్పకుండ కొన్నరా?’ అని అరగంటసేపు వచ్చాయి. వరసకు అల్లుడొకడు దస్తావేజు ఫోటో పెట్టమన్నాడు. బావగారు అప్పటికే నిద్రపోయారు. పొద్దున లేచి చూసుకుని నాకు ఫోన్ చేసి, “టీక తొందరగా రాయి” అన్నారు.

నాలుగవ పాదం

గడప మరచిపోతి = ఇల్లు కదలలేదు అని భావం. తాగి వచ్చి గడప మరచిపోయాడని అన్వయించిన వరసకు అల్లుణ్ణి ఇక్కడ ఖండిస్తున్నాను.

ఉప్పల్ స్టేడియంలో 2005 నవంబరు నుంచి అంతర్జాతీయ మ్యాచులు జరుగుతున్నాయి. చూసేవాళ్లకు అది స్టేడియం, పక్కన బతికేవాళ్లకు ట్రాఫిక్ మళ్లింపు. 2025 మార్చి 23న సన్‌రైజర్స్ రాజస్థాన్ మీద 286 కొట్టింది, ఇషాన్ కిషన్ సెంచరీ చేశాడు. ఏప్రిల్ 12న పంజాబ్ ఇచ్చిన 246 లక్ష్యాన్ని అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 కొట్టి ఊదేశాడు. మే 5న ఢిల్లీతో మ్యాచ్ వానలో కొట్టుకుపోయింది. డిసెంబరు 13న మెస్సీ వచ్చాడు. ఇవన్నీ మా ఇంటి మేడమీదికి అరుపులుగా వినిపిస్తాయి, టీవీలో తర్వాత కనిపిస్తాయి. సిక్సర్ సంగతి నాకు నాచారం కంటే కొన్ని క్షణాలు ముందే తెలుస్తుంది. బావగారికి ఫోన్ చేసి “ఇప్పుడు సిక్స్ పోతుంది” అని చెప్పడం నా ముఖ్యమైన వ్యాపకం. ఆయన నమ్మడం మానేశారు, వినడం మానలేదు.

మెస్సీ వచ్చిన రోజు ‘మ్యాచి నాడు’ కిందికి వస్తుందా రాదా అని శంక. అది క్రికెట్ కాదు, సరిగ్గా మ్యాచీ కాదు. కాని ఆ రోజు కూడా బావగారు గడప దాటలేదు కాబట్టి వస్తుంది. కర్త: ట్రాఫిక్ పోలీసులు. వాళ్లు రోడ్డు మూస్తే ఆయన గడప మరచిపోయారు.

ప్రక్షిప్తమా?

ఇంతవరకు తేలింది ఇది. నాలుగు పాదాలు, అయిదు నిర్ణయాలు. ఒకటి రవాణా శాఖది, ఒకటి మేనకోడలిది, ఒకటి అక్కది, ఒకటి బోరుది, ఒకటి పోలీసులది. బావగారి వాటా పద్యం రాయడమే. ఈ మాట రాసి టీక ముగించేవాణ్ణి. కాని ప్రతులు సరిచూసుకోవడానికి నాచారం వెళ్లి, క్యాలెండరు దించి, కాగితాలు ఒక్కొక్కటే తిప్పాను. అక్టోబరు 2 గడిలో అక్క రాసిన పాల లెక్క కింద, పెన్సిలుతో, బావగారి చేతిరాత: ‘అన్నకు ఫోన్ చేసిన.’

యతి లేదు, గణం లేదు, గ్రాంథికం లేదు. ఉప్పల్ ప్రతిలో ఈ వాక్యమే లేదు.

నేపథ్యం చెప్పాలి. అన్నదమ్ముల మధ్య ఘట్‌కేసర్‌లో తండ్రి ఇచ్చిన భూమి ఉంది. పొత్తులో ఉన్నన్నాళ్లు బాగానే ఉంది. పంచుకున్నాక ఒక హద్దు రాయి దగ్గర పేచీ వచ్చింది. కొలతలో పోయింది మూరెడు. ఆ చుట్టుపక్కల ఔటర్ రింగురోడ్డు వచ్చి, వెంచర్లు వచ్చి, మూరెడుకు కూడా విలువ వచ్చింది. మాటలు ఆగిపోయాయి. భూమి రికార్డులకు ధరణి వచ్చింది, పోయింది, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ఆ రాయి అక్కడే ఉంది, ఆ మాటలు ఆగినచోటే ఉన్నాయి. రోడ్డు బాగుపడితే పోదామన్న మాట వెనుక సంగతి ఇది.

2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయని పాఠకులకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణలో దసరా అంటే మటన్. గాంధీ జయంతి అంటే దుకాణాలు బంద్. ముందుచూపు ఉన్నవాళ్లు ముందురోజే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. బావగారికి ఆ ముందుచూపు లేదు. అక్క వంకాయ కూర వండుతుంటే ఆయన వరండాలోకి పోయి, లోపలికి వచ్చి, మళ్లీ వరండాలోకి పోయి, ఫోను చెవికి పెట్టుకున్నారు. అక్క పోపు ఆపి విన్నది ఇంతే.

“అన్నా, నేను.”

కొంచెంసేపు ఏమీ లేదు.

“మటన్ తెచ్చినవా?”

అవతలి మాట వినపడలేదు. ఈయన నవ్వారు.

“మాకు దొరకలే... ఔ, నేనెప్పుడూ అంతే... సరే, జమ్మి తీస్కొని సాయంత్రం వస్త.”

ఫోను పెట్టేసి లోపలికి వచ్చి, “రోడ్డు బాగలేదట, జాగర్తగ రమ్మన్నడు” అన్నారు. ఏడేళ్లుగా ఈయన చెప్పే సాకునే అన్నగారు జాగ్రత్తగా చెప్పారు. కారు అమ్మేశారు కదా, ఉప్పల్ రింగురోడ్డులో ఘట్‌కేసర్ బస్సెక్కి, ఆ స్తంభాల మధ్య దుమ్ములో ఊగుతూ వెళ్లారు. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కారు. రాత్రి స్టీలు డబ్బాలో మటన్ తెచ్చుకున్నారు. ఆ డబ్బా ఇంకా అక్క వంటింట్లోనే ఉంది, తిరిగి ఇవ్వడానికి మళ్లీ పోవాలి.

పూర్వపక్షం: ఇది కూడా ఎవరో చేయించినదే అయి ఉండవచ్చు కదా? అక్క చెప్పి ఉంటుంది. సమాధానం: అడిగాను. “నేను చెప్తే వింటడా? ఎన్నేండ్లు చెప్పిన!” అంది. ఇంకో పూర్వపక్షం: గుంట గొడవ వల్ల భయపడి ఫోన్ చేసి ఉంటారు. ఇదీ నిలవదు. ఫోను అక్టోబరు 2న, గుంట డిసెంబరు 31న. కాగితం ముందే ఉంది. చట్టం బలవంతం లేదు, గడువు లేదు, నోటీసు లేదు, ఎండిన బోరు లేదు. భూమిలో మూరెడు తేడా అలాగే ఉంది. ఈ ఒక్క క్రియకు కర్త బావగారే. వ్యాఖ్యాతగా నా తీర్పు: ఏడాది మొత్తంలో ఉత్తమ నిర్ణయం ఇదొక్కటే.

ఇంకొక ఆధారం. డిసెంబరు 31 అర్ధరాత్రి, గుంట వార్త గ్రూపులో చక్కర్లు కొడుతున్నప్పుడు, అది ఘట్‌కేసర్‌కూ చేరింది. ‘చేయించితిని గుంట’ అన్న మాట అంతకుముందు ఏడు వాళ్ల చెవిన పడి ఉంటే జనవరి ఒకటిన వకీలు నోటీసు వచ్చేది. ఈసారి వచ్చింది అన్నగారి వాయిస్ మెసేజి: “ఏడ చేయించినవ్‌రా గుంట? ఆ హద్దు రాయి నీ దిక్కు నడిచివచ్చిందా ఏంది?” అని. వెనకాల వదినగారి నవ్వు కూడా రికార్డయింది.

పాఠ సవరణ

ఇంత ముఖ్యమైన సంగతి పద్యంలో ఎందుకు లేదని బావగారిని అడిగాను. “ఆటవెలదికి నాలుగే పాదాలు కదా బావమరిదీ” అన్నారు. చోటు లేకపోతే నేను చేసిస్తానన్నాను. మూడవ పాదం తీసేసి, దాని స్థానంలో ఇది పెట్టవచ్చు:

అన్నతోడ మళ్ళి యాడితి మాటలు

మూడు సూర్యగణాలు, రెండు భగణాలు, అకారానికి యాకారంతో యతి. ఎక్కడా భాషను ఇబ్బంది పెట్టలేదు. బావగారు వేళ్ల మీద లెక్కపెట్టి, సరిపోయిందని ఒప్పుకున్నారు. ఆ తర్వాత అడిగారు: “మరి గుంత ఏదీ?”

గుంత పోతుందన్నాను.

“మేస్త్రీకి ఎంతిచ్చిన్నో తెలుసా?” అన్నారు. అక్క కూడా ఆయన పక్షమే తీసుకుంది, స్థలం చూపించింది తను కాబట్టి. అన్నగారి సంగతి పద్యంలో ఉన్నా లేకున్నా ఘట్‌కేసర్‌లో తెలుసు, గుంత సంగతి పద్యంలో లేకపోతే ఎవరికి తెలుస్తుంది అని వాళ్ల వాదం. మల్లినాథుడికి ఇలాంటి మూలకర్త తగిలి ఉంటే ఏం చేసేవాడో తెలియదు. నేను సవరణ ఉపసంహరించుకుని, మూలాన్ని ఉన్నది ఉన్నట్టే ఉంచాను.

కావున మూడవ పాదంలో ‘గుంత’ అన్నదే శుద్ధ పాఠం. ‘గుంట’ అని చదివి శుభాకాంక్షలు పంపిన బంధుమిత్రులు వాటిని వెనక్కి తీసుకోగలరు. పార్టీ అడిగినవారు వానాకాలంలో రాగలరు, గుంత నీళ్లు తాగేటప్పుడు చూపిస్తారు.